ఎలుకబోను మొక్క దగ్గర ఒక పూట

(గ్రంథాలయ వారోత్సవాల్లో, ఒక శాఖా గ్రంథాలయంలో విద్యార్థులు, తల్లిదండ్రుల ముందు విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకురాలు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరసలో ఉన్నవాళ్ళకి వినపడుతోందా? ఫ్యాను చప్పుడు ఎక్కువైతే చెయ్యెత్తండి, గొంతు పెంచుతాను.

నేను ఇంటర్ పిల్లలకి 31 ఏళ్ళు బోటనీ చెప్పాను. కీటకాహార మొక్కల పాఠం ఏటా వచ్చేది. నెపెంథిస్, డ్రాసిరా, యుట్రిక్యులేరియా, డయోనియా. నాలుగు పేర్లు, నాలుగు బొమ్మలు. బొమ్మ వేయించేదాన్ని, భాగాలు గుర్తింపజేసేదాన్ని, ‘నత్రజని కొరత గల నేలల్లో పెరుగును’ అని ఒక వాక్యం రాయించేదాన్ని. రెండు మార్కులు. ఆ వాక్యంలో తప్పేమీ లేదు. కానీ దాని వెనక ఎంత ఉందో పోయినేడు మే నెలలో, ఒక చిత్తడి నేల పక్కన మోకాళ్ళ మీద కూర్చున్న రోజున అర్థమైంది. ఇవాళ మీతో మాట్లాడాలనుకున్నది ఆ ఒక్క వాక్యం గురించే.

మా అమ్మాయి వాళ్ళు అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రంలో, కేరీ అనే ఊళ్ళో ఉంటారు. తెలుగువాళ్ళు బాగా ఉన్న ఊరు. అక్కడికి వెళ్ళిన రెండో రోజే అల్లుణ్ణి అడిగాను, “బాబూ, డయోనియా పుట్టిల్లు మీ రాష్ట్రమే కదా, చూపిస్తావా?” అని. డయోనియాకే ఇంగ్లీషులో వాడుక పేరు వీనస్ ఫ్లైట్రాప్. ఆ పేరు చెబితే అతనికి తెలుసు. అక్కడి నర్సరీల్లో చిన్న కుండీల్లో అమ్ముతారు. అయితే అది అడవిలో మొలిచే చోటు ప్రపంచం మొత్తం మీద తన ఇంటికి రెండున్నర గంటల దూరంలోనే ఉందని అతను అనుకోలేదు.

ఆ మొక్క సహజంగా పెరిగేది విల్మింగ్టన్ అనే సముద్రపు ఒడ్డు పట్నం చుట్టూ సుమారు వంద మైళ్ళ లోపే. నార్త్ కరోలినాలో ఎక్కువ భాగం, పక్కనున్న సౌత్ కరోలినాలో కొద్దిగా. విజయవాడలో మేకు పాతి, రాజమండ్రి దాకా తాడు లాగి, గుండ్రంగా గీత గీస్తే ఎంత వస్తుందో, సుమారు అంత. ఆ గీత దాటితే భూమ్మీద ఇంకెక్కడా అది తనంతట తాను పుట్టలేదు. ఆ గీత లోపల కూడా అన్నిచోట్లా ఉండదు, దానికి కావలసిన నేల ఉన్నచోటే ఉంటుంది. ఆ నేల సంగతికే వస్తున్నాను.

విల్మింగ్టన్ దాటి దక్షిణంగా వెళితే కరోలినా బీచ్ స్టేట్ పార్క్ వస్తుంది. ఒక పక్క కేప్ ఫియర్ నది, ఇంకో పక్క సముద్రం దగ్గరే. పార్కు మొత్తం 761 ఎకరాలు. అందులో ఫ్లైట్రాప్ ట్రయల్ అని అర మైలు కాలిబాట ఉంది. గుండ్రంగా తిరిగి మొదలుపెట్టిన చోటికే చేరుస్తుంది. తడి ఉన్నచోట్ల చెక్కలు పరిచి వంతెనలా కట్టారు. నా వయసువాళ్ళు కూడా ఇబ్బంది లేకుండా నడవగలరు. నేనూ, అమ్మాయీ, అల్లుడూ, ఎనిమిదేళ్ళ మనవడూ పొద్దున్నే చేరుకున్నాం. దోమలుంటాయి, ఒళ్ళంతా కప్పుకుని వెళ్ళాలి. గడ్డిలోకి దిగితే పిడుదులు కూడా పట్టుకుంటాయి.

నిజం చెప్పాలంటే మొదటి ఇరవై నిమిషాలు మాకేమీ కనపడలేదు. పైన్ చెట్లు, వాటి కింద మోకాలెత్తు గడ్డి, మధ్యమధ్య నల్లటి తడి మట్టి. మా వాడైతే సినిమాల్లో చూసిన లెక్కన మనిషంత నోరు తెరిచే మొక్క కోసం వెతుకుతున్నాడు. నేనూ, పాఠంలో బొమ్మ పేజీలో సగం ఉండేది కాబట్టి, ఎంత లేదన్నా గుప్పెడంత బోను ఉంటుందనుకున్నాను. ఆఖరికి చెక్కబాట అంచున, గడ్డి దుబ్బు పక్కన, మా అమ్మాయి చూసింది. “అమ్మా, కాళ్ళ దగ్గర!” అంది.

మొక్క మొత్తం కలిపి నా అరచెయ్యంత. నేలకి కరుచుకుని ఉంది. ఆకులు చుట్టూ పువ్వు రేకుల్లా పరుచుకుని, ఒక్కో ఆకు చివర బొటనవేలి గోరంత, కొన్నిచోట్ల అంగుళం దాకా, రెండు రెప్పలు. కంటి రెప్పలే అనండి. అంచున వెంట్రుకల్లాంటి పళ్ళు కూడా ఉంటాయి కాబట్టి ఆ పోలిక కుదురుతుంది. లోపలి వైపు దానిమ్మ గింజ రంగు. అల్లుడు ఫోన్లో ఫొటో తీస్తున్నాడు, నేను మోకాళ్ళ మీద కూర్చుని భూతద్దం తీశాను. ఒక్కో రెప్ప లోపల మూడు సన్నటి ముళ్ళు. నేను మూడు దశాబ్దాలు బ్లాక్‌బోర్డు మీద సుద్దముక్కతో గీసిన మూడు గీతలు. అక్కడ అవి ఎండలో మెరుస్తున్నాయి. ఒక్క నిమిషం నోట మాట రాలేదు.

మనవడు వేలు పెట్టబోయాడు. వద్దన్నాను. ముట్టుకోవద్దని పార్కువాళ్ళు కూడా చెబుతారు. ఎందుకో తరవాత చెబుతాను. “అయితే అది పనిచేస్తుందని ఎలా తెలుస్తుంది అమ్మమ్మా?” అన్నాడు. “కూర్చుని చూద్దాం” అన్నాను. పిల్లవాడికి అరగంట కూర్చోవడం అంటే శిక్షే, అయినా కూర్చున్నాడు. ఒక నల్ల చీమ వచ్చింది. రెప్పల అంచు దగ్గర తీపి ఊట ఉంటుంది, దాని కోసం. ఎక్కింది, అటూ ఇటూ తిరిగింది, లోపలికి దిగింది. ఒక ముల్లుకి తగిలింది. ఏమీ జరగలేదు. మా వాడు నిరాశగా నా మొహంలోకి చూశాడు. చీమ ఇంకో అడుగు వేసింది. మళ్ళీ తగిలింది. అంతే, రెప్ప మూతపడింది. చప్పుడు లేదు. ఎప్పుడు మూసుకుందో కన్ను పట్టుకోలేకపోయింది. తెరిచి ఉండటం చూశాం, మూసుకుని ఉండటం చూశాం, మధ్యలోది మాకు దక్కలేదు.

ఆ మధ్యలో జరిగేది సెకనులో పదో వంతు. అది ఎలా సాధ్యమో చెబుతాను. మొక్కకి కండరాలు లేవు కదా. తిరునాళ్ళలో రేకు కప్ప బొమ్మ అమ్ముతారు, పిల్లలకి తెలుసో లేదో, పెద్దవాళ్ళందరికీ తెలుసు. కింద ఉబ్బెత్తు రేకు బిళ్ళ ఉంటుంది, బొటనవేలితో నొక్కితే టక్కుమని లోపలికి తిరగబడుతుంది. నిదానంగా నొక్కుతూ వస్తే ఒక హద్దు దాకా ఏమీ అవదు, హద్దు దాటగానే ఒక్కసారిగా తిరగబడుతుంది. ఈ రెప్ప కూడా తెరిచి ఉన్నప్పుడు బయటికి ఒంగి, బిగువుగా ఉంటుంది. ముల్లు తగలగానే విద్యుత్తు సంకేతం వెళుతుంది, కణాల్లో నీటి ఒత్తిడి మారుతుంది, రెప్ప ఆ హద్దు దాటి లోపలికి ఒంగుతుంది. ఈ విద్యుత్తుని 1873లోనే బర్డన్ శాండర్సన్ అనే ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు కొలిచాడు. కొలిచి చూడమని ఆయన్ని అడిగింది చార్లెస్ డార్విన్.

మరి మొదటిసారి తగిలినప్పుడు ఎందుకు మూసుకోలేదు? గాలికి ఎండుటాకు పడుతుంది, వాన చినుకు పడుతుంది. ప్రతిదానికీ మూసుకుంటే మొక్కకి శ్రమ దండగ. అందుకని ఇరవై ముప్పై సెకన్ల లోపు రెండోసారి తగిలితేనే నమ్ముతుంది. మూసుకున్నాక కూడా తొందరపడదు. లోపల పురుగు గింజుకుంటూ ముళ్ళని మళ్ళీ మళ్ళీ తాకాలి. 2016లో జర్మనీ శాస్త్రజ్ఞులు లెక్కపెట్టి చూపించారు, రెండు తాకిడులకి మూత, అయిదు దాకా వస్తే జీర్ణరసాల తయారీ. ఏమీ లేకుండా మూసుకున్న బోను ఒకటి రెండు రోజుల్లో మళ్ళీ తెరుచుకుంటుంది. నిజంగా పురుగు పడితే అంచులు అతుక్కుపోయి, ఆకు కాస్తా పొట్టగా మారిపోతుంది. అటూ ఇటూగా వారం పడుతుంది. తెరిచేసరికి ఖాళీ డొప్ప మిగులుతుంది, గాలి వచ్చి ఊడ్చేస్తుంది. ఒక్కో బోను ఇలా కొన్నిసార్లు మాత్రమే పనిచేసి నల్లబడి రాలిపోతుంది. మనం సరదాకి వేలు పెడితే ఆ కొన్నింట్లో ఒకటి దండగ చేసినట్టు. మా వాడికి అక్కడ ఇదే చెప్పాను. చేతులు వెనక్కి కట్టుకుని చూడటం మొదలుపెట్టాడు.

అంచున పళ్ళున్నాయన్నాను కదా. మూసుకోగానే అవి ఒకదానిలో ఒకటి దువ్వెన పళ్ళలా ఇరుక్కుంటాయి, మధ్యన సందులుంటాయి. డార్విన్ ఏమనుకున్నాడంటే, మరీ చిన్న పురుగైతే ఆ సందుల్లోంచి పోనిస్తుందని. వల కళ్ళు పెద్దవిగా అల్లుకున్న జాలరి చిన్న చేపల్ని వదిలేసినట్టు. వారం రోజుల వంట వండాక ముద్ద కూడా రాకపోతే గిట్టుబాటు కాదు మరి.

పేరు ఫ్లైట్రాప్, అంటే ఈగల బోను, కానీ పడేవి ఎక్కువగా చీమలు, సాలెపురుగులు, నేల మీద పాకే పెంకుపురుగులు. ఈగలు తక్కువే. డయోనియా మస్సిపులా అన్న శాస్త్రీయ నామంలో మస్సిపులా అంటే లాటిన్‌లో ఎలుకబోను. ఆ పేరు పెట్టినవాడు జాన్ ఎల్లిస్ అనే లండన్ వర్తకుడు, ప్రకృతి శాస్త్రం మీద ప్రాణం పెట్టుకున్న మనిషి, 1768లో. అంతకు ముందే, 1760 జనవరిలో, నార్త్ కరోలినాకి బ్రిటిష్ గవర్నరుగా ఉన్న ఆర్థర్ డాబ్స్ ఈ మొక్క గురించి ఇంగ్లండులో ఉన్న పీటర్ కాలిన్సన్ అనే మొక్కల ప్రేమికుడికి ఉత్తరం రాశాడు. మేం నిలబడిన పార్కుకి నది అవతలి ఒడ్డున బ్రన్స్‌విక్ అనే పాత ఊళ్ళో ఉండేవాడాయన. తాకితే ముడుచుకునే మొక్కల్లో ఇదొక కొత్త రకం అనుకున్నాడు. అంటే మన అత్తిపత్తి చుట్టం అని. ఆయనొక్కడే కాదు, వృక్షశాస్త్రానికే తాతగారు లాంటి లిన్నేయస్ కూడా మొక్క జంతువుని తింటుందన్న మాట ఒప్పుకోలేదు. పురుగు కదలడం మానగానే ఆకు తెరుచుకుని వదిలేస్తుందనుకున్నాడు. తినడానికే పడుతోందేమోనన్న అనుమానం ఎల్లిస్‌కి ఉంది, కానీ అది తేలడానికి ఇంకో వందేళ్ళు పట్టింది.

తేల్చినవాడు డార్విన్. 1875లో కీటకాహార మొక్కల మీద పుస్తకం వేశాడు. అందులో ఎక్కువ పేజీలు డ్రాసిరావే. ఆ ప్రయోగాలు మీకు చెప్పాలి, ఎందుకంటే మనం వంటింట్లో ఉన్న వస్తువులతోనే ఊహించుకోవచ్చు. డ్రాసిరా ఆకు మీద జిగురు చుక్కలున్న వెంట్రుకలుంటాయి. వాటి మీద ఆయన పంచదార నీళ్ళ చుక్క వేశాడు. కదలలేదు. గంజి, ఆలివ్ నూనె, టీ డికాషన్, వేటికీ కదలలేదు. పాలు వేశాడు, గుడ్డు తెల్లసొన వేశాడు, పచ్చి మాంసం ఊరిన నీళ్ళు వేశాడు. వెంట్రుకలన్నీ ఒంగి దాని మీదకి వచ్చేశాయి. ఇప్పుడు ఆలోచించండి. పంచదార, పిండి, నూనె, వీటన్నింట్లో శక్తి ఉంది, నత్రజని లేదు. పాలు, గుడ్డు, మాంసంలో ఉంది. ఆ ఆకుకి తేడా తెలుసు.

నేను రాయించిన వాక్యానికి అర్థం అక్కడ ఉంది. ఈ మొక్కలు పచ్చగా ఉంటాయి, వాటి అన్నం అవి ఎండలో వండుకుంటాయి, ఏ మొక్కైనా అంతే. పురుగు వాటికి అన్నం కాదు. పురుగు వాటికి యూరియా. పురుగు వాటికి డీఏపీ. ఇక్కడ రైతు కుటుంబాల వాళ్ళు చాలామంది ఉన్నారు, సీజన్లో యూరియా బస్తా కోసం లైన్లో నిలబడిన వాళ్ళున్నారు. ఈ మొక్కకి లైన్లో నిలబడే దారి లేదు, కాళ్ళు లేవు. అందుకని ఆకునే చెయ్యిగా మార్చుకుని, దారిన పోయే బస్తాని పట్టుకుంటోంది. డార్విన్ కొడుకు ఫ్రాన్సిస్ 1878లో, పురుగు దొరికిన డ్రాసిరా మొక్కలు దొరకనివాటి కంటే ఎక్కువ గింజలు కాస్తాయని కూడా చూపించాడు.

ఆ నేల ఎందుకంత పేదది? పైన ఇసుక. వాన పడితే సారం అంతా కిందికి దిగిపోతుంది. కింద నీరు ఇంకని పొర ఉన్నచోట తడి ఎప్పుడూ నిలిచే ఉంటుంది. తడిలో గాలి ఆడదు, ఆకులు సరిగ్గా కుళ్ళవు, మట్టి పులుపెక్కుతుంది. ఆకు కుళ్ళి ఎరువు కావడం అనే పనే అక్కడ సగంలో ఆగిపోతుంది. ఇలాంటి చిత్తడి పొదల నేలని అక్కడివాళ్ళు పోకోసిన్ అంటారు, ఆదివాసుల భాషలోంచి వచ్చిన మాట. మన రైతు ఎవరైనా ఆ నేల చూస్తే రెండో చూపు చూడకుండా బంజరు అంటాడు. అమెరికా రైతూ అదే అన్నాడు. కాలవ తవ్వి నీళ్ళు తీసేసి, సున్నం వేసి పులుపు తగ్గించి, ఎరువు వేస్తే బాగుపడుతుందన్నాడు. కొన్ని వేల ఎకరాలు అలాగే బాగుపడ్డాయి కూడా. అలా బాగుపడిన ప్రతి చోటా ఈ మొక్క పోయింది. నీళ్ళు దిగిపోతే ఎండిపోతుంది. ఎరువు తగిలితే దాని వేళ్ళు తట్టుకోలేవు. తట్టుకున్నా, ఎరువుకి పక్కనున్న పొదలు ఏపుగా లేచి దాని మీద నీడ కప్పేస్తాయి. అరచెయ్యంత మొక్క నీడలో బతకదు. నాకు ఎక్కువ బాధ కలిగించింది ఇదే. దానికి హాని చెయ్యాలని ఎవరూ అనుకోలేదు, నేలని బాగుచెయ్యాలనే అనుకున్నారు.

మంట గురించి చెప్పకపోతే ఈ కథ సగమే. మాకు దారిలో చాలా పైన్ చెట్ల మొదళ్ళు నల్లగా మాడి కనిపించాయి. మా అమ్మాయి “అయ్యో, అగ్నిప్రమాదం జరిగినట్టుంది” అంది. ప్రమాదం కాదు, కావాలని పెట్టిన మంట. అవి లాంగ్‌లీఫ్ పైన్ చెట్లు, ఆకులు సూదుల్లా జానెడున్నర పొడవు. ఒకప్పుడు ఈ అడవి అమెరికా ఆగ్నేయంలో సుమారు 9 కోట్ల ఎకరాలుండేది. పిడుగులు పడి కొన్నేళ్ళకొకసారి నేల మీది గడ్డి తగలబడేది, ఆదివాసులు కూడా కాల్చేవాళ్ళు. ఆ మంట చెట్టు నెత్తికెక్కదు, గడ్డినీ పొదల్నీ కాల్చి పోతుంది. పైన్ మొక్క చిన్నప్పుడు గడ్డి దుబ్బులా ఉండి, నడిమి మొగ్గ చుట్టూ ఆకులు గుబురుగా కప్పుకుని మంటని దాటేస్తుంది. ఫ్లైట్రాప్‌కి నేల కింద ఉల్లిగడ్డ లాంటి దుంప ఉంటుంది. పైన ఆకు మాడినా కింది నుంచి చిగురిస్తుంది. చిగురించేసరికి చుట్టూ పొదలుండవు, ఎండ అంతా దానిదే. తరవాత కలప కోసం, టర్పెంటైన్ కోసం చెట్లు పోయాయి, ఇళ్ళ భయంతో మంటల్ని ఆర్పేయడం అలవాటైంది. పొదలు లేచాయి. ఇప్పుడు పార్కులవాళ్ళు తేమ చూసి, గాలి చూసి, మనుషుల్ని కాపలా పెట్టుకుని తామే కాలుస్తున్నారు. ఇది విని మన కొండల్లో ఎవరూ అగ్గిపుల్ల గీయకండి దయచేసి. మన అడవి వేరు, దాని లెక్క వేరు. శేషాచలంలో మంటలు ఎంత నష్టం చేస్తున్నాయో మీకు తెలుసు.

మర్నాడు అల్లుడు ఇంకో చోటికి తీసుకెళ్ళాడు. గ్రీన్ స్వాంప్ అని, బ్రన్స్‌విక్ కౌంటీలో ఉంది. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. నేచర్ కన్జర్వెన్సీ అనే సంస్థ చూసుకునే 17 వేల ఎకరాల పైచిలుకు నేల. అందులో 13 వేలకి పైగా ఎకరాలు 1977లో ఒక కాగితపు కంపెనీ దానంగా ఇచ్చింది. పార్కులో లాగా తీర్చిదిద్దిన బాట ఉండదు. కానీ కూజా మొక్కలు గుంపులు గుంపులుగా చూసింది అక్కడే. పసుపు కూజా మొక్క నా మోకాలు దాటి ఉంది. సన్నటి గొట్టం, పైన గొడుగులా మూత. మూత కింద తేనె. తేనెకి వచ్చిన పురుగు అంచు మీద జారితే లోపలి గోడ నున్నగా ఉంటుంది, ఇంకా కిందికి పోతే వెంట్రుకలన్నీ కిందికే తిరిగి ఉంటాయి. దిగడానికి దారి ఉంది, ఎక్కడానికి లేదు. ఎండకి ఎదురుగా పెట్టి చూస్తే గొట్టం గోడలోంచి నల్లటి పురుగుల నీడ కనిపించింది, సీసాలో అడుగున చింతపండు పిప్పిలా.

ఊదా కూజా మొక్క వేరే రకం. అది పొట్టిది, నేల మీద కూర్చుని, మూత వెనక్కి తెరిచి వాననీళ్ళు పట్టుకుంటుంది. ఆ నీళ్ళలో ఒక జాతి దోమ గుడ్లు పెడుతుంది. దాని పిల్లలు పెరిగేది ఆ కూజా నీళ్ళలోనే, ఇంకెక్కడా కాదు. మిగతా పురుగులు మునిగి చచ్చే నీళ్ళలో ఈ పిల్లలు హాయిగా ఈదుతూ, మిగిలినదాన్ని ముక్కలు చేసి తింటూ, మొక్కకి అరుగుదల సులువు చేస్తాయి. భూతద్దం పెట్టి ఆ నీళ్ళలోకి చూశాను. తల పైకెత్తి, తోక ఆడిస్తూ, మూడు కనిపించాయి.

పువ్వు సంగతి మరిచిపోతున్నాను. మేం వెళ్ళింది ఫ్లైట్రాప్ పూసే కాలం, మే, జూన్. తెల్లటి పువ్వులు, బోనులకి జానెడు పైన, సన్నటి కాడ మీద. మా మనవడే అడిగాడు, “పువ్వుకి వచ్చిన తేనెటీగని కూడా తినేస్తే గింజలెలా వస్తాయి?” అని. మంచి ప్రశ్న. నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు 2018లో దీని మీద పరిశోధన అచ్చువేశారు. పువ్వుల మీద వాలేవాళ్ళు ఎవరు, బోనుల్లో పడేవాళ్ళు ఎవరు అని పట్టి చూశారు. పువ్వుకి ముఖ్యంగా వచ్చేది ఒక చిన్న ఆకుపచ్చ తేనెటీగ, రెండు రకాల పెంకుపురుగులు. బోనుల్లో వాళ్ళు కనపడలేదు. పెళ్ళికి పిలిచిన చుట్టాలకి పైన మేడ మీద విడిది, కింద నడిచిపోయేవాళ్ళకి బోను.

ఇంక దొంగతనం గురించి. చెప్పడానికి కష్టంగానే ఉంటుంది, కానీ చెప్పాలి. విల్మింగ్టన్‌లో ఈ మొక్కల కోసమే పెట్టిన చిన్న తోట ఉంది. 2013లో ఎవరో వచ్చి అందులోంచి వెయ్యి దాకా ఫ్లైట్రాప్‌లు తవ్వుకుపోయారు. 2014 డిసెంబరు 1 నుంచి అక్కడి కొన్ని కౌంటీల్లో అడవి ఫ్లైట్రాప్‌ని దొంగిలిస్తే పెద్ద నేరంగా చట్టం చేశారు, జైలు కూడా పడుతుంది. నెల తిరిగేసరికి, 2015 జనవరిలో, 970 మొక్కలతో నలుగురు దొరికారు. కుండీల్లో, ల్యాబుల్లో లక్షల్లో పెంచుతున్న మొక్క ఇది. అయినా అడవిలోది తవ్వుతున్నారంటే, నీళ్ళు పొయ్యకుండా, పెంచకుండా డబ్బొస్తుందని. అందుకే నేను ఫొటోలు చూపిస్తాను గానీ, గ్రీన్ స్వాంప్‌లో సరిగ్గా ఎక్కడ చూశామో చెప్పను. మా అల్లుడు ఫోన్లో లొకేషన్ ఆపేసి ఫొటోలు తీశాడు. మీరెవరైనా అరుదైన మొక్క చూస్తే అదే పని చెయ్యండి.

అమెరికా దాకా వెళ్ళి చూశానని మీతో గొప్పకి చెప్పడం లేదు. అక్కడ మోకాళ్ళ మీద కూర్చున్నప్పుడు నాకు గుర్తొచ్చింది మా పుట్టింటి ఊరి చెరువు. కట్ట దిగువన ఊట ఉండే చోటు, ఎర్ర మొరం నేల, గడ్డి కూడా సరిగ్గా మొలిచేది కాదు. వానాకాలం వెళ్ళాక అక్కడ నేల మీద రూపాయి బిళ్ళంత ఎర్రటి చుక్కలు కనిపించేవి. తొక్కుకుంటూ పోయేవాళ్ళం. అది డ్రాసిరా అని డిగ్రీలో చేరాక తెలిసింది. ఆ తరవాత ఎప్పుడూ వెళ్ళి చూడలేదు. కిందటి నెల వెళ్ళాను. ఊట ఉన్నచోట మట్టి పోసి చదును చేశారు, హద్దు రాళ్ళు పాతారు. మట్టి పోసినవాళ్ళని నేను తప్పు పట్టలేను, వాళ్ళ కళ్ళకి అక్కడ ఏమీ లేదు. నేను 31 ఏళ్ళు పాఠం చెప్పీ, మీ చెరువు కింద ఉంది పోయి చూడండిరా అని ఒక్క బ్యాచ్‌కీ చెప్పలేదు. అందుకే ఇవాళ చెబుతున్నాను.

డ్రాసిరాలో బర్మానీ, ఇండికా అనే రెండు జాతులు మన తెలుగు నేల మీద ఉన్నాయి. తూర్పు కనుమల్లో, శేషాచలం కొండల్లో, ఊట ఉన్న ఇసుక, మొరం నేలల్లో. యుట్రిక్యులేరియా చెరువుల్లో, వరి మళ్ళలో కూడా ఉంటుంది. నీటి మీద చిన్న పసుపు పువ్వో, తడి గట్టు మీద ఊదా పువ్వో తప్ప పైకి ఏమీ కనపడదు. కింద ఆవగింజంత తిత్తులుంటాయి. నీటిపురుగు తగిలితే సెకనులో వెయ్యో వంతు లోపు లోపలికి లాగేస్తాయి. మేం ముక్కున వేలేసుకుని చూసిన ఫ్లైట్రాప్ దీని ముందు నిదానం.

ప్రశ్నలుంటే అడగండి. ...అవునమ్మా, ఆ చివర పాప. ఫ్లైట్రాప్ ఆన్‌లైన్లో కొనుక్కుని ఇంట్లో పెంచుకోవచ్చా అని అడుగుతోంది. పెంచినవాళ్ళున్నారు. వాననీళ్ళే పొయ్యాలి, కుళాయి నీళ్ళూ బోరు నీళ్ళూ పనికిరావు, వాటిలో ఉప్పులుంటాయి. కుండీలో ఎరువు వెయ్యకూడదు, మాంసం ముక్కలు పెట్టకూడదు. వీటన్నింటికీ మించి దానికి ఏడాదిలో మూడు నాలుగు నెలల చలి నిద్ర కావాలి. మన కోస్తా ఎండల్లో అది దొరకదు. చాలామంది ఇళ్ళలో ఏడాది తిరక్కుండా చనిపోయేది అందుకే. కొనేముందు అది ఆలోచించు తల్లీ.

దాని బదులు ఒక పని చెయ్యి. ఇది కార్తీకం, వానలు తగ్గాయి, ఊటలు ఇంకా ఉన్నాయి. ఆదివారం మీ నాన్నగారిని తీసుకుని, ఏదైనా చెరువు దిగువకో కొండ అంచుకో వెళ్ళు. గడ్డి బాగా పెరిగిన చోట వెతక్కు, గడ్డి మొలవని తడి నేల చూడు. మరీ పొద్దున్నే వెళ్ళకు, గడ్డి మీద మంచు ఉంటుంది, అన్నీ మెరుస్తాయి, ఏది ఏదో తెలియదు. పదిన్నర, పదకొండుకి వెళ్ళు. మంచంతా ఆరిపోయాక కూడా నేల మీద ఎర్రగా, బిళ్ళంత, చుక్కలు చుక్కలుగా మెరుస్తున్నది కనిపిస్తే అదే. ముట్టుకోకుండా భూతద్దం పెట్టి చూడు. ఏదో ఒక చుక్కకి దోమ అంటుకుని ఉంటుంది.